నింద వేసే ముందు మీటర్ పెట్టండి

బండి సెల్ఫ్ తీసుకోకపోతే మన నోట వెంటనే ఒక తీర్పు వస్తుంది: ‘బ్యాటరీ పోయింది.’ కొత్త బ్యాటరీ వేశాక కూడా టిక్ టిక్‌మంటే తీర్పు మారుతుంది: ‘మోటార్ పోయింది.’ రెండూ మార్చాక అసలు దోషం బ్యాటరీ కరెంటును మోటార్‌కు కలిపే స్విచ్‌లో, అంటే రిలేలో, దొరికిందనుకోండి. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. తొందరపడి తీర్పు చెప్పే అలవాటు మాత్రం మనలో ఇంకాస్త గట్టిపడుతుంది. పిల్లవాడికి మార్కులు తగ్గినా, ఆఫీసులో పని ఆలస్యమైనా అదే వేగంతో ఎవరో ఒకరిని దోషిని చేస్తాం. అనుమానాన్ని పరీక్షించేదాకా నోరు మెదపకుండా ఉండగలగడం సాధన చేయాల్సిన గుణం. దాన్ని నేర్పడానికి మొరాయించే స్టార్టర్ మోటార్ మంచి గురువు. అది మన వాదనకు లొంగదు, హోదాకు లొంగదు.

ముందు దాని స్వభావం తెలియాలి. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకుముందు ఆయన దుకాణాల క్యాష్ రిజిస్టర్లకు మోటార్ అమర్చిన ఇంజినీరు. గల్లాపెట్టె తెరవడానికి మోటార్ రోజంతా తిరగక్కర్లేదు, కొద్దిసేపు గట్టిగా తిరిగితే చాలు. ఇంజిన్‌ను లేపడానికీ అంతే చాలు. నేటి బైక్ సెల్ఫ్ మోటార్ కూడా కొద్ది సెకన్ల పని కోసమే తయారైంది. ఆ కాసేపట్లోనే బ్యాటరీ నుంచి పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. తిరగడం లేదన్న కోపంతో బటన్‌ను వదలకుండా నొక్కితే లోపలి తీగచుట్లు వేడెక్కి కాలిపోతాయి. చిన్న దోషాన్ని పెద్దది చేసేది మన కోపమే.

అందుకే బటన్ వదిలి మల్టీమీటర్ తీయండి. నిండుగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీ దాదాపు 12.6 చూపిస్తుంది. సెల్ఫ్ నొక్కినప్పుడు అది 10 కంటే బాగా కిందికి జారితే ముందు బ్యాటరీ సంగతి చూడాలి. జారకుండా నిలబడి, రిలే మాత్రం టిక్‌మంటుంటే, రిలే మీది రెండు లావు టెర్మినళ్ల మధ్య మీటర్ పెట్టి మళ్లీ నొక్కండి. సున్నాకు దగ్గరగా వస్తే రిలే కరెంటును దాటిస్తున్నట్టే. 12 దగ్గరే నిలిచిపోతే దోషం రిలేది, మోటార్ నిర్దోషి. మోటార్ ఝుయ్‌మని తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే, ఆ తిప్పుడును ఇంజిన్‌కు అందించే వన్‌వే క్లచ్‌ను అనుమానించాలి. బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని, వదులైన ఎర్త్ వైరును చూడకుండా నేరుగా మోటార్ విప్పడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

ఈ దశలో కొందరు మోటార్ మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తారు. ఇరుక్కున్న కార్బన్ బ్రష్ కదిలి బండి స్టార్టవుతుంది కూడా. నాకు ఈ చిట్కా మీద గౌరవం లేదు. లోపలి అయస్కాంతం పగలవచ్చు. అంతకు మించి, ఇవాళ పని నడిచింది కాబట్టి దోషం పోయిందన్న భ్రమ మిగులుతుంది.

మోటార్ దగ్గరే దోషమని తేలాక, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేసి మోటార్‌ను బయటికి తీయండి. విప్పే ముందు పై తొడుగు మీద మూత దాకా ఒక గీత గీయండి. ఇరుసు చివర్ల సన్నని వాషర్లను వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పేర్చండి. బ్రష్‌లు ఎంత అరిగాయో సర్వీస్ మాన్యువల్‌లోని కొలతతో పోల్చండి, అంతకు తగ్గితే కొత్తవి వేయండి. బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ రాగి పలకల మధ్య సందుల్లో చేరిన నల్లటి కార్బన్ పొడిని శుభ్రం చేయండి. పక్కపక్క పలకల మధ్య మీటర్ కంటిన్యుటీ చూపాలి, పలకకూ ఇరుసుకూ మధ్య చూపకూడదు. తిరిగి బిగించేటప్పుడు స్ప్రింగ్ తోసే బ్రష్‌లను వెనక్కి పట్టి, తిరిగే భాగమైన ఆర్మేచర్‌ను లోపలికి దించడమే అసలు పరీక్ష. వేళ్లు జారతాయి, విసుగొస్తుంది. అక్కడ బలవంతం చేస్తే కొత్త బ్రష్ విరుగుతుంది.

పలకకూ ఇరుసుకూ మధ్య మీటర్ మోగితే ఆర్మేచర్ షార్టయినట్టే. ఇంట్లో చేయగల పని అక్కడితో సరి. అక్కడ ఆగడం ఓటమి కాదు. మెకానిక్ దగ్గరికి వెళ్లి ‘సెల్ఫ్ పోయిందన్నా’ అనడానికీ, ‘అన్నా, బ్యాటరీ, రిలే చూశాను, బాగున్నాయి. బ్రష్‌లూ ఉన్నాయి. ఆర్మేచర్ షార్ట్ చూపిస్తోంది, ఒకసారి చూస్తావా?’ అనడానికీ చాలా తేడా ఉంది. రెండో మాట విన్న మెకానిక్ మీతో మరోలా మాట్లాడతాడు. రీవైండింగ్ చేయించాలా, కొత్తది వేయాలా అన్నది ఆయన్నే అడగండి. ఎందుకో కూడా అడగండి.