మొరాయించిన కంప్యూటర్: ఆగింది ఎక్కడ?

పిల్లలూ! వేసవి సెలవుల తర్వాత బడి తెరిచారు. కంప్యూటర్ గదిలోని పాత డెస్క్‌టాప్ మీట నొక్కితే తెర మీద ఏమీ రాలేదనుకోండి. "పాతది, పాడైపోయింది, పారేద్దాం" అనే మాట వెంటనే వినిపిస్తుంది. తొందరపడకండి. దాని డిస్కులో పాఠాలు, మార్కుల పట్టికలు ఉండవచ్చు. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది కాబట్టి చెత్తకుప్పలో వేస్తే నేలకూ నీటికీ చేటు. పైగా లోపం చాలాసార్లు చిన్నదే కావచ్చు. దాన్ని పట్టుకునే పద్ధతి ఏమిటో చూద్దాం.

కాలువ చివరి చేనుకు నీరు రాకపోతే రైతు ఏం చేస్తాడు? తూము దగ్గర మొదలుపెట్టి గట్టు వెంట నడుస్తాడు. ఎక్కడిదాకా నీరు ఉందో, ఎక్కడి నుంచి లేదో చూస్తాడు. ఆ రెంటి మధ్యనే అడ్డంకి ఉంటుంది. కంప్యూటర్ కూడా ఒక్కసారిగా మేలుకోదు. ఒక దశ తర్వాత మరో దశ దాటుతూ మేలుకుంటుంది. అది ఏ దశలో ఆగిందో కనిపెడితే సగం పని అయినట్లే.

ముందు జాగ్రత్త

ఈ పని మీ ఉపాధ్యాయుడో, పెద్దవాళ్ళో పక్కన ఉన్నప్పుడే చేయాలి. పెట్టె తెరిచే ముందు గోడ నుంచి ప్లగ్గు పీకేయాలి. ఆ తర్వాత కంప్యూటర్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన విద్యుత్తు చాలావరకు ఖర్చయిపోతుంది. మన ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు చిప్పులను పాడుచేయగలదు. అందువల్ల పెట్టె లోపలి రంగు వేయని లోహాన్ని తాకిన తర్వాతే భాగాలను ముట్టుకోవాలి. పవర్ సప్లై అనే లోహపు డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. అందులోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా విద్యుత్తు ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలవ ఉండగలదు.

మొదటి దశ: విద్యుత్తు

గోడ నుంచి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. పవర్ సప్లై దాన్ని 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. దీపం వెలగక, ఫ్యాను తిరగక ఉంటే లోపం ఇక్కడే వెదకాలి. అదే ప్లగ్గులో ఒక టేబుల్ లైటు పెట్టి చూడండి. వెలిగితే గోడ వరకు విద్యుత్తు ఉన్నట్లే. తర్వాత తీగ మార్చి చూడండి. పెట్టె వెనుక చిన్న మీట ఉంటే అది వేసి ఉందో లేదో చూడండి. కొన్ని పాతవాటిలో 115, 230 అంకెలున్న జరిపే మీట ఉంటుంది. అది మన దేశంలో 230 దగ్గరే ఉండాలి.

కంప్యూటర్ మొదలై వెంటనే ఆగిపోతోందా? పవర్ సప్లై తన వోల్టేజీలు సరిగా ఉన్నాక "అంతా బాగుంది" అన్న సంకేతాన్ని బోర్డుకు పంపుతుంది. అది అందేదాకా ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. బోర్డు మీద నిలువుగా ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో చూడండి. ఉబ్బితే అవి చెడినట్లే. వాటిని మార్చడం మెకానిక్ పని.

రెండవ దశ: తనిఖీ

విద్యుత్తు అందగానే ప్రాసెసర్ ఒక చిప్పులో నిలవ ఉన్న బయాస్ అనే ప్రోగ్రామును నడుపుతుంది. బయాస్ ముందుగా మెమరీని, ఇతర భాగాలను పరీక్షిస్తుంది. ఏదైనా తేడా వస్తే, తెర ఇంకా మేలుకోలేదు కాబట్టి, చిన్న స్పీకరుతో కూతలు వేస్తుంది. కూతల అర్థం తయారీదారును బట్టి మారుతుంది. వాటిని లెక్కపెట్టి, ఆ బోర్డు పుస్తకంలో చూడాలి.

ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే, ముందు తెర తీగ సరిగా ఉందో లేదో చూడండి. ఆ తర్వాత ఒక చక్కని పరీక్ష చేయవచ్చు. ప్లగ్గు పీకి, మెమరీ పలకలన్నీ తీసేసి, మళ్ళీ ప్లగ్గు పెట్టి మీట నొక్కండి. కంప్యూటర్ కూతలు పెడితే సంతోషించండి! "నాకు మెమరీ లేదు" అని చెప్పగలిగిందంటే ప్రాసెసరూ, బయాసూ పనిచేస్తున్నాయన్నమాట. మళ్ళీ ప్లగ్గు పీకి, పలకల అంచున ఉన్న పసుపు పట్టీలను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఒక్కొక్క పలకనే పెట్టి చూడండి. జిడ్డు పట్టి విద్యుత్తు అందకపోవడం పాత యంత్రాలలో తరచు జరిగేదే.

మూడవ దశ: డిస్కు

తెర మీద అక్షరాలు వచ్చి ఆగిపోయాయా? అయితే మొదటి రెండు దశలు చాలావరకు దాటినట్లే. ఆ ఆంగ్ల వాక్యాన్ని ఉన్నదున్నట్లు రాసుకోండి. తేదీ ఏనాటిదో చూపిస్తుంటే బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. చాలా బోర్డులలో ఉండేది 3 వోల్టుల సీఆర్ 2032 రకం. మార్చాక తేదీ, సమయం సరిచేయాలి. పాత బిళ్ళ చిన్నపిల్లల చేతికి అందకూడదు. మింగితే ప్రాణాపాయం.

ప్రోగ్రాములున్న డిస్కు దొరకలేదని చెబితే, ముందు పెన్ డ్రైవ్ లాంటివి తీసేసి చూడండి. తర్వాత ప్లగ్గు పీకి డిస్కు తీగలను గట్టిగా బిగించండి. డిస్కు నుంచి టక్ టక్ మని శబ్దం వస్తే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించవద్దు. యంత్రం ఆపి, అందులోని సమాచారాన్ని కాపాడే పని తెలిసినవారికి అప్పగించాలి.

ఒక్కసారి ఒక్క మార్పే

తీగ, మెమరీ, బ్యాటరీ మూడూ ఒకేసారి మార్చితే కంప్యూటర్ పనిచేయవచ్చు. కాని లోపం దేనిలో ఉందో తెలియదు. మంచి మెమరీని కూడా పారేసే ప్రమాదం ఉంది. అందుకే ఒక్కటే మార్చాలి, పరీక్షించాలి, ఫలితం నోటుపుస్తకంలో రాయాలి. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేసేదీ ఇదే. పాత కంప్యూటర్ బాగుపడినా పడకపోయినా, ఈ అలవాటు మీకు మిగులుతుంది.

ఆలోచించండి

1. ఫ్యాను తిరుగుతోంది. స్పీకరు బాగానే ఉంది. మెమరీ అంతా తీసినా కూత రాలేదు. లోపం మెమరీలోనే ఉందని చెప్పగలమా?

2. కూత వినిపించింది, తెర నల్లగానే ఉంది. గోడ ప్లగ్గును పరీక్షించవలసిన అవసరం ఉందా? ఎందుకు?