ఆత్మ లేకపోతే పాట ఎక్కడి నుంచి వస్తుంది?



బాగా పాడేవాణ్ణి చూసి "పూర్వజన్మ సుకృతం" అంటారు. డప్పు బాగా కొట్టేవాణ్ణి చూస్తే మాత్రం "వాళ్ల కులవృత్తే కదా" అంటారు. రెండు మాటలకూ మూలం ఒక్కటే. లోపల మారని ఆత్మ ఉందట, అది వెనకటి జన్మల పుణ్యపాపాలు మూటగట్టుకుని వచ్చిందట. అందుకే ఒకడికి సభలో శాలువా, ఇంకొకడికి శవం ముందు డప్పు. ఇట్లా కులానికి కాపలా కాసే నమ్మకం ఇది. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో ఆత్మ మీద విశ్వాసం ధమ్మం కాదని తేల్చి చెప్పారు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం, పిండం పెట్టనన్నది ఆరోది. పిండాలు మానేశాం. అయినా ఇంట్లో ఎవరైనా పోతే ఫ్లెక్సీ మీద "ఆత్మకు శాంతి" అనే రాయిస్తున్నాం. మన పిల్లలు అడుగుతున్నారు కూడా: "ఆత్మే లేకపోతే మన పాటలో, మన ధ్యానంలో అసలైనది ఏది?" దీనికి జవాబు మనకు తెలిసి ఉండాలి.

సంయుత్త నికాయంలో భగవాన్ బుద్ధుడు చెప్పిన ఉపమానం ఒకటుంది. అంతకుముందు ఎన్నడూ వీణ వినని ఒక రాజు ఆ నాదానికి మురిసిపోయి "దాన్ని తెండి" అన్నాడు. వీణ తెచ్చిచ్చారు. "నాకు వీణ వద్దు, ఆ నాదం కావాలి" అన్నాడు. తీగెలు, తోలు, దండి, వాయించేవాడి ప్రయత్నం అన్నీ కూడితేనే నాదమని చెప్పినా వినలేదు. వీణను ముక్కలు ముక్కలు చేసి వెతికాడు. దొరకలేదు.

మన డప్పునే చూడండి. చెక్క చట్రం, తోలు, మంట దగ్గర కాచడం, చిర్ర, చిటికెన పుల్ల, ఏళ్ల సాధన, చుట్టూ జనం. వీటిలో ఒక్కటి తగ్గినా దరువు పలకదు. దరువు లోపల దాగిన ఆత్మ ఏదీ లేదు. అయితే దరువు అబద్ధమా? కాదు, నిజంగానే మోగుతోంది. మనిషీ అంతే. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే అయిదు స్కంధాల కూడిక.

మన సికింద్రాబాద్ మనిషి సంగతే తీసుకుందాం. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గదర్ పార్టీ పేరు మీద గద్దర్ అయ్యారు. బ్యాంకు ఉద్యోగం వదిలేశారు. గోచీ, గొంగడి, చేతిలో కర్రతో జన నాట్య మండలి పాటలు పాడారు. 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాక ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఆల్వాల్‌లో మహాబోధి విద్యాలయం స్థాపించారు. చివరి ఏళ్లలో గుళ్లకు వెళ్లారు, 2018లో మొదటిసారి ఓటు వేశారు. 2023 ఆగస్టు 7న అదే విద్యాలయం ఆవరణలో బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి.

"వీళ్లలో అసలు గద్దర్ ఎవరు?" అని మనవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఈ ప్రశ్న ఆ రాజు వీణను నరికిన పద్ధతే. మారని గద్దర్ ఒకడు లోపల దాక్కుని లేడు. ఆయన బాణీలు ఒగ్గుకథ నుంచి, బుర్రకథ నుంచి, నాట్లేసే ఆడవాళ్ల నోటి నుంచి వచ్చాయి, మళ్లీ జనం నోట్లోకే పోయాయి. ఆయన చేసిన ఒక్కో పనినీ విడిగా తూచండి: అది దుఃఖాన్ని తగ్గించిందా, పెంచిందా? గుడికి పోవడం నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. దాని కోసం ఆ పాటలన్నీ అబద్ధమనక్కర లేదు. పాటలు గొప్పవని ఆ పనిని సమర్థించనూ అక్కర లేదు.

ధ్యానంలోనూ ఇదే లెక్క. మహేంద్ర హిల్స్ మహాబోధి విహారంలో కూర్చున్నా, ఇంట్లో చాప మీద కూర్చున్నా, వెలుగు కనబడితే "నా ఆత్మను చూశాను" అనుకోవద్దు. వచ్చింది, ఉంది, పోయింది. అంతవరకే గమనించండి. "నా అంతరాత్మ చెప్పింది" అనే గురువును మాత్రం శీలం గురించి అడగండి.

చివరిగా ఒక్క మాట. ఆత్మ మారనిదే అయితే మన దీక్షకు అర్థం లేదు. పుట్టుకతో అంటగట్టింది చచ్చేదాకా పోదు. మారని ఆత్మ లేదు కాబట్టే అంగులిమాలుడు మారగలిగాడు, మనమూ మారగలిగాం. నిజాయితీ అనేది లోపల వెతికితే దొరికే వస్తువు కాదు. పాడిన మాటకూ బతికే బతుకుకూ మధ్య ఎడం రోజురోజుకీ తగ్గించుకోవడమే అది.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి: మన మాటల్లో ఆత్మ ఇంకా ఎక్కడెక్కడ మిగిలి ఉంది? మనలో ఎవరు పోయినా, ఫ్లెక్సీ మీద "ఆత్మకు శాంతి" బదులు వాళ్లు చేసిన మంచి పని ఒకటి రాయగలమా?

నమో బుద్ధాయ! జై భీమ్!