పురుగు సాగుచేసే బూజు

ప్రశ్న: మాది శ్రీకాకుళం వైపు, పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డాం. తలుపులకు కొన్న గర్జన్ చెక్క నిండా సూది బెజ్జాలు, అంచుల్లో నలుపు. ఇంట్లో బిగిస్తే మిగతా సామానుకూ పాకుతుందాండీ?

జవాబు: పాకదు. ఆ నలుపే సాక్ష్యం. ఇది ఆంబ్రోసియా పెంకుపురుగు పని. బియ్యపు గింజంత ఉండే ఈ పురుగు చెక్క తినదు. ఒంట్లోని చిన్న సంచుల్లో బూజు విత్తనం మోసుకొచ్చి, తొలిచిన సొరంగం గోడలకు అంటిస్తుంది. మొలిచిన బూజే దానికీ, పిల్లలకూ తిండి. మనకన్నా కోట్ల ఏళ్ల ముందే సేద్యం నేర్చిన రైతు! బెజ్జం అంచున నలుపు ఆ పైరు మరకే.

ఏ పైరుకైనా తడి కావాలి కదా. దుంగ పచ్చిగా ఉన్నన్నాళ్లే బూజు బతుకుతుంది. ఆరితే పురుగుకి పస్తే. 1883 నుంచి చాథం రంపపు మిల్లున్న మీ ఊళ్లో వడ్రంగులకు ఇది కొత్తేం కాదు. చెట్టు కొట్టగానే బెరడు ఒలిచి, కోసి, గాలాడేలా పేర్చకపోతే జరిగేది ఇదే.

అయినా అనుమానముంటే చెక్క కింద నల్ల కాగితం పరిచి వారం ఆగండి. పిండిలాంటి మెత్తటి పొడి రాలుతూనే ఉంటే అది వేరే పురుగు, ఎండు చెక్కనే తినే రకం. అప్పుడు మాత్రం బిగించకండి. పొడి రాలకపోతే బెజ్జాలకు లప్పం పెట్టి పాలిష్ కొట్టించుకోండి.