క్షయ తొలిదశ నిర్ధారణలో బాక్టీరియా ప్రోటీన్లు: విస్తరణ సిబ్బందికి అవగాహన

దాచేపల్లి పరిసరాలలో మిరప కోతలు, తొడిమలు తీసే పనులు ముమ్మరమైనప్పుడు కూలీలలో దగ్గు సర్వసాధారణం. అది ఘాటు వల్ల వచ్చినదేనని వారూ, వారితో నిత్యం మాట్లాడే మనమూ సరిపెట్టుకుంటాము. చేరువలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో దగ్గును దుమ్ము ఖాతాలో వేస్తారు. ఈ దగ్గుల మాటున క్షయ దాగి ఉన్నచో నెలలు గడిచిపోతాయి, ఇంటిల్లిపాదికీ అది సోకే ప్రమాదముంటుంది.

పత్తి ఆకు రసంలో పట్టీని ముంచి బీటీ ప్రోటీన్‌ను గుర్తించే పరీక్ష మన విద్యార్థులకు సుపరిచితమే. అందులో ప్రతిరక్షకం పట్టీపై ఉంటుంది. బాక్టీరియా ప్రోటీన్ కోసం వెదకుతాము. క్షయ విషయంలో పలు పరీక్షలలో ఈ వరుస తారుమారవుతుంది. ప్రోటీన్ మన చేతిలో ఉంటుంది. దానిని రోగి శరీరం ఇదివరకే ఎరుగునా అన్నది ప్రశ్న.

1890లో రాబర్ట్ కాక్ ప్రకటించిన ట్యూబర్‌క్యులిన్ ఇట్టిదే. కాని అది అనేక ప్రోటీన్ల మిశ్రమం. బీసీజీ టీకా పొందినవారిలోనూ చర్మం ప్రతిస్పందించవచ్చు. పుట్టగానే ఆ టీకా వేసే మన దేశంలో ఇది చిన్న లోపం కాదు. అందుచేతనే బీసీజీలో జన్యుపరంగా లోపించిన ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అను రెండు ప్రోటీన్లకు ప్రాధాన్యం లభించినది. రక్తంలో ఇంటర్‌ఫెరాన్ గామాను కొలిచే పరీక్షలకు, ఇటీవలి సై-టీబీ చర్మ పరీక్షకు ఇవే ఆధారం.

హైదరాబాదులోని సీడీఎఫ్‌డీకి చెందిన సయ్యద్ ఇ. హస్నైన్ బృందం 2004లో మరొక ప్రోటీన్‌ను ముందుకు తెచ్చింది. అది ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేస్. క్రెబ్స్ వలయంలో మనమందరం కంఠస్థం చేసిన ఎంజైమే! క్షయ సూక్ష్మజీవి యొక్క ఈ ఎంజైముకు రోగుల రక్తంలో ప్రతిరక్షకాలు బలంగా కనిపించాయి. టీకా పొందిన ఆరోగ్యవంతుల నుండి రోగులను వేరుచేయగలిగాయి.

అయితే ప్రయోగశాల ఫలితం వేరు, అంగడిలో అమ్మే కిట్టు వేరు. క్షయకు అమ్ముడవుతున్న ప్రతిరక్షక రక్తపరీక్షలు రోగులను వదిలివేస్తూ, రోగం లేనివారిని రోగులుగా చూపుతున్నందున ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వాటిని వాడవద్దన్నది. భారత ప్రభుత్వం 2012లో నిషేధించినది. ఈ నిర్ణయం సమంజసమే. ఈశాట్-6 పరీక్షలు సైతం సూక్ష్మజీవి సోకినట్లు మాత్రమే తెలుపుతాయి, వ్యాధి ఉన్నట్లు కాదు. ఊపిరితిత్తుల వ్యాధిని ధ్రువపరచుటకు ట్రూనాట్, సీబీనాట్ వంటి కళ్లె పరీక్షలే ప్రధానం.

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గుట, కళ్లెలో రక్తం కనిపించినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా ఈ పరీక్ష ఉచితంగా పొందవచ్చును. మిరప కల్లాలలో అఫ్లాటాక్సిన్ నివారణపై శిక్షణ ఇచ్చే రోజుననే, కూలీలూ అక్కడే ఉంటారు గనుక, ఈ మాట కూడా చెప్పి రావచ్చును.