కీ తీస్తే ఆరిపోయే లైను

ఐటీఐ ముగించుకొని హిందూపురంలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో కారు యాక్సెసరీస్ షాపులో చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. 2019లో ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ కార్లు బయటికి రావడం మొదలైనాక మన వైపు కారు పని మీద పిల్లలకు మోజు పెరిగింది. మంచిదే. షాపులో చేరినవాడి చేతికి తొందరగా వచ్చే పని పాటల సెట్టు, ఆంప్లిఫైయరు, బేస్ ట్యూబు బిగించడం. స్పీకర్లు బిగించడం ఎవరైనా నేర్చుకుంటారు. కీ తిప్పితే వచ్చి, కీ తీస్తే పోయే కరెంటు ఏ వైరులో ఉందో తప్పు లేకుండా పట్టుకోవడమే అసలు పని. ఆటో ఎలక్ట్రికల్ పనిలో తల నెరిసినవాడిగా నాకు తెలిసింది వరసగా చెబుతాను.

1. వైరు వెలిగిందా అని కాదు, ఆరిందా అని చూడు

కీ ఆన్ చేసి ఏదో ఒక వైరుకు మీటరు పెట్టి, 12 వోల్టులు కనబడగానే దొరికింది అనుకుంటారు కొత్తవాళ్లు. కీ తీసినా ఆ కరెంటు అట్లే ఉండొచ్చు. అందుకే ఒకే వైరును కీ నాలుగు స్థానాల్లోనూ చూడాలి: లాక్, ఏసీసీ (యాక్సెసరీ), ఆన్, స్టార్ట్. నాలుగింటిలోనూ కరెంటు ఉంటే అది బ్యాటరీ నుంచి వచ్చే డైరెక్ట్ లైను. లాక్‌లో లేకుండా, ఏసీసీలోనూ ఆన్‌లోనూ ఉండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు పోయి మళ్లీ వచ్చేది మనకు కావాల్సిన ఏసీసీ లైను, అంటే కీ లైను. ఏసీసీలో లేకుండా ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ ఉండేది ఇంజను కోసం వేసిన ఇగ్నిషన్ లైను. బటన్ స్టార్ట్ కార్లయితే బ్రేకు తొక్కకుండా బటన్ ఒకసారి నొక్కితే ఏసీసీ, రెండోసారి నొక్కితే ఆన్ అవడం మామూలు. హెడ్‌లైట్లు వేసి ఒకసారి, తీసి ఒకసారి కూడా చూడు. లైట్లతో పాటు వచ్చిపోయే డ్యాష్‌బోర్డు దీపాల లైనును కీ లైను అనుకునే ప్రమాదం ఉంది.

2. ఇంజను లైను జోలికి పోవద్దు

ఇగ్నిషన్ లైను మీద ఇంజను కంప్యూటరు, పెట్రోలు పంపు, ఏబీఎస్ లాంటివి బతుకుతాయి. నువ్వు వేసిన వైరు ఎక్కడైనా బాడీకి తగిలి షార్టయితే పాట ఆగడంతో పోదు, 44వ నంబరు హైవే మీద బండే ఆగిపోతుంది. పైగా కల్యాణమండపం ముందు ఆగి పాటలు వినే డ్రైవరు ఏసీసీలోనే కూర్చోగలగాలి. పాయింట్లున్న పాత పెట్రోలు బండ్లలో ఇంజను తిరగకుండా కీ ఆన్‌లో వదిలేస్తే ఇగ్నిషన్ కాయిలు వేడెక్కి చెడుతుంది. ఆ కాయిలు దగ్గర కరెంటు తీసుకుంటే పాటలో టక్ టక్ శబ్దమూ వస్తుంది.

3. టెస్టర్ బల్బు పక్కన పెట్టి మీటరు పట్టు

బల్బు టెస్టరు వెలగాలంటే వైరులోంచి కరెంటు లాగాలి. కంప్యూటరు వైర్ల మీద అది పెడితే ఖరీదైన నష్టం జరగొచ్చు. డిజిటల్ మల్టీమీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. పసుపు తొడుగు, పసుపు కప్లరు ఉన్న వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటికి మీటరు కూడా పెట్టొద్దు.

4. ఫ్యూజ్ బాక్సు దగ్గరే వెతుకు

వైర్ల కట్టలు కోసి చూసే పని ఎందుకు? స్టీరింగు కింద మూత తీస్తే ఫ్యూజులు వరసగా కనబడతాయి. మూత వెనకో, కారు పుస్తకంలోనో ఏది దేనిదో రాసి ఉంటుంది. బ్లేడు ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, ఫ్యూజు పీకకుండానే మీటరు పుల్ల అక్కడ ఆనించొచ్చు. నల్ల పుల్లను రంగు లేని బాడీ బోల్టుకు పట్టించి, ఎర్ర పుల్లతో ఒక్కో ఫ్యూజు మీద కీ తిప్పుతూ పో. సెల్ ఛార్జింగ్ సాకెట్ ఫ్యూజు చాలా బండ్లలో ఏసీసీ మీదే ఉంటుంది. కొన్నిటిలో డైరెక్ట్ కూడా ఉంటుంది, కాబట్టి మొదటి పాఠం ఇక్కడా చేయాల్సిందే.

దొరికాక వైరు కోయకుండా ఫ్యూజ్ ట్యాప్ వాడు. ఫ్యూజు పీకి, రెండు గాళ్లలో ఏ గాడిలో కరెంటు వస్తున్నదో చూసి, పాత ఫ్యూజుకూ కొత్త ఫ్యూజుకూ వేరువేరుగా అక్కడి నుంచే కరెంటు అందేటట్టు ట్యాప్ కూర్చోబెట్టు. తిరగేసి పెడితే నువ్వు తీసుకున్న కరెంటంతా పాత ఫ్యూజులోంచే పోతుంది. సాకెట్ మూత మీద 120 వాట్లు అని ఉంటే 12 వోల్టుల లెక్కన అది 10 ఆంపియర్లు. ఆ గీత దాటొద్దు.

5. కీ లైనుకు సైగ పని, బ్యాటరీకి బరువు పని

పెద్ద ఆంప్లిఫైయరు తినే కరెంటు ఫ్యూజ్ బాక్సులోని సన్న వైరు మోయలేదు. దానికి లావు వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, బ్యాటరీకి మూరెడు లోపలే ఫ్యూజు ఉండాలి. దాన్ని లేపడానికి సెట్టు వెనక నుంచి వచ్చే నీలం మీద తెల్లచార వైరు చాలు. అది లేని కంపెనీ సెట్టయితే ఏసీసీ లైను ఇవ్వు. రెండు మూడు సామాన్లు ఒకేసారి లేపాలంటే రిలే పెట్టు: 86కు కీ లైను, 85కు ఎర్త్, 30కి ఫ్యూజు మీదుగా బ్యాటరీ, 87 నుంచి సామానుకు. చెరువు తూము తలుపు ఎత్తే రైతు నీళ్ల బరువు మోయడు, రిలేలో కీ లైను చేసేదీ అంతే. రిలే కాయిలు తీసుకునేది మామూలుగా ఆంపియరులో అయిదో వంతుకు మించదు.

6. రంగు చూసి కలపొద్దు

బయట కొన్న సెట్టులో పసుపు డైరెక్టుకు, ఎరుపు కీ లైనుకు, నలుపు ఎర్త్‌కు. కారు కంపెనీ వైర్లకు ఈ రంగుల లెక్క లేదు. కీ తీసిన ప్రతిసారీ సెట్టు టైమూ స్టేషన్లూ మరిచిపోతున్నదంటే పసుపు వైరు కీ లైనులో పడిందని అర్థం. పసుపు, ఎరుపు తారుమారయ్యాయేమో చూడు. కొత్త కార్లలో సెట్టు వెనక ఏసీసీ వైరే లేకపోవచ్చు. కీ తిప్పిన సంగతి, కారు కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ వైర్ల జంటలో సమాచారంగా పోతుంది. ఆ కారుకు సరిపోయే క్యాన్ బాక్సు, కప్లరు తెప్పించు. ఫ్యాక్టరీ వైరు కోస్తే వారంటీ దగ్గర యజమానికి తగాదా వస్తుంది.

7. లారీ అంటే 24 వోల్టులు

పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. 12 వోల్టుల సెట్టుకని ఒక్క బ్యాటరీ నుంచే కరెంటు తీస్తే అది ఎండిపోతుంది, రెండోది అతిగా ఛార్జవుతుంది, చివరికి రెండూ పోతాయి. 24 నుంచి 12కు మార్చే కన్వర్టరు పెట్టు, దానికీ కీ లైనే ఇవ్వు.

8. మన ఎండను లెక్కలో పెట్టుకో

అనంతపురం, సత్యసాయి జిల్లాల ఎండలో ఆగిన కారు డ్యాష్‌బోర్డు లోపల మామూలు ఇన్సులేషన్ టేపు జిగురు కారి విడిపోతుంది. వైరు మెలిపెట్టి టేపు చుట్టడం పని కాదు. క్రింప్ చేసి వేడికి ముడుచుకునే స్లీవు ఎక్కించు, పైన బట్ట టేపు చుట్టు. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి, మెరిసే లోహం మీద బిగించు. ఎర్త్ సరిగా లేకపోతే ఇంజను వేగంతో పాటు స్పీకర్లలో ఈల పెరుగుతుంది.

9. బండి తాళం వేసి చూశాకే పని అయినట్టు

ధర్మవరం నుంచి ఒక పట్టుచీరల వ్యాపారి కారు వచ్చింది. స్టేషన్ దగ్గర వదిలి ఊరికి పోయివస్తే సెల్ఫ్ తిరగదు. బ్యాటరీ అంతకు ముందే మార్చారు, లాభం లేదు. చూస్తే ఆంప్లిఫైయరు లేపే వైరును ఎవరో డైరెక్ట్ లైనుకు కట్టారు. పాట లేకపోయినా అది ఆంపియరు దాకా తింటున్నది. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు రోజుల్లో ఖాళీ. ఆ వైరును ఏసీసీ ఫ్యూజుకు మారిస్తే జబ్బు పోయింది.

అందుకే చివర్లో మీటరును ఆంపియర్లలో పెట్టి బ్యాటరీ నెగటివ్‌తో వరసలో కలిపి, తాళం వేసి, అరగంట ఆగు. కారు కంప్యూటర్లు నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే నీ పని బాగున్నట్టు. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు పోతుంది. ఏ ఫ్యూజు దగ్గర ఏం తీసుకున్నావో చీటీ రాసి మూత వెనక అంటించు, యజమానికి నోటితో కూడా చెప్పు.

పెళ్లికి పోయే కారే అర్ధరాత్రి పురిటి నొప్పులు పడే మనిషిని హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోవాలి. నువ్వు బిగించిన పాటల సెట్టు ఆ కారు సెల్ఫ్‌కు ఎన్నడూ అడ్డం రాకూడదు. అంత గట్టిగా చేయి, నాయనా. ఊరంతా నీ షాపు వెతుక్కుంటూ వస్తుంది.