మోకీళ్లు అరిగినవారికి నీటి నడక

ప్రశ్న: మోకీళ్లు అరిగిన 68 ఏళ్ల వ్యక్తి నేల మీద నడక మానేసి ఈతకొలనులో నడిస్తే సరిపోతుందా?

జవాబు: మునిగిన శరీరాన్ని నీరు పైకి నెట్టే బలాన్ని ఉత్ప్లవన బలం అంటారు, దానివల్ల కాళ్లపై పడే భారం నడుము లోతు నీటిలో దాదాపు సగానికి, ఛాతీ లోతులో సుమారు మూడో వంతుకు తగ్గుతుంది కనుక, ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి అనే మెత్తని పొర అరిగినవారు కూడా తక్కువ నొప్పితో నడవగలుగుతారు. పైగా గాలికంటే ఎన్నో రెట్లు సాంద్రమైన నీరు ప్రతి అడుగునూ నిరోధిస్తుంది కాబట్టి, నెమ్మదిగా నడిచినా తొడ కండరాలకు చక్కని శ్రమ కలుగుతుంది.

అయినా నేల నడకను పూర్తిగా వదలడం సరికాదు. ఎముకల గట్టిదనం నిలవాలంటే వాటిపై భారం పడాలి, నీటిలో తగ్గేది ఆ భారమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వృద్ధులకు సూచించిన, వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమను, అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంత శ్రమను, నేలకూ నీటికీ పంచుకోవడమే మేలు. చెరువులు, కాలువలు ఇందుకు ఎంతమాత్రం పనికిరావు. అడుగు సమతలంగా ఉండి, పట్టుకోవడానికి కమ్మి ఉన్న కొలను కావాలి. గుండె వైఫల్యం, అదుపులో లేని రక్తపోటు, మానని పుండ్లు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా నీటిలో దిగరాదు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు గాయమైనా గమనించలేరు కనుక, నీటిలోనూ జారని పాదరక్షలు ధరించాలి.