రిలీవ్ అయ్యే ముందు చదువు, అమ్మణ్ణీ

దుత్తలూరు,
నవంబరు 2025.

ప్రసన్నా,

అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) ఉద్యోగం వదిలి జూనియర్ సివిల్ జడ్జిగా చేరబోతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఒకటే సంబరం. మీ చిన్నమ్మ ఆ మర్నాడే నర్రవాడ పోయి వెంగమాంబకు టెంకాయ కొట్టి వచ్చింది. నేను ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి గదా, నాకు సంబరం కంటే ముందు సందేహాలొస్తాయి. "రాజీనామా రాసిచ్చి చేరిపోతా, జీతం లెక్కలు తర్వాత చూసుకోవచ్చు, జడ్జి అయ్యేదాన్ని డబ్బుల సంగతి అడిగితే ఏం బాగుంటుంది" అన్నావంట మీ నాయనతో. అందుకే ఈ ఉత్తరం.

రాజీనామా అని ఊరికే రాయబాక. 'వ్యక్తిగత కారణాల వల్ల' అనే మాట అసలే వద్దు. మన రాష్ట్ర పెన్షన్ రూల్స్ 1980 నాటివి. రాజీనామా చేసినవాళ్ల పాత సర్వీసు లెక్కలోంచి పోతుందనేది అందులో మామూలు సూత్రం. ప్రభుత్వంలోనే ఇంకో ఉద్యోగానికి అనుమతితో పోతూ చేసే రాజీనామాకు మాత్రం ఆ నష్టం లేదు. ఆఫీసుల్లో దీన్నే టెక్నికల్ రెజిగ్నేషన్ అంటారు. కాబట్టి పరీక్షకు అనుమతి తీసుకున్న ఎన్ఓసీ నంబరు, తేదీ, నీ నియామక ఉత్తర్వు నంబరు రెండూ ఆ కాగితంలో ఉండాలి. 'ఫలానా పోస్టులో చేరడం కోసం' అని స్పష్టంగా రాయి. వాళ్లిచ్చే రిలీవింగ్ ఆర్డర్లో కూడా అదే మాట రావాలి, రాకపోతే అక్కడే కూర్చుని మార్పించుకో. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినదానివి, నీది సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతి. అయినా పాత సర్వీసుతో ఏం పనిలే అనుకోవద్దు. గ్రాట్యుటీకీ సెలవుల నిల్వకూ ఆ సంవత్సరాలు కావాలి. నీ పెన్షన్ ఖాతా నంబరు (ప్రాన్) మారకుండా కొత్త పోస్టుకు రావాలి.

ఇంత చాదస్తం ఎందుకంటావా? ఉద్యోగి డబ్బు పోయేది చాలాసార్లు ఉద్యోగంలో ఉన్నప్పుడు కాదు, ఒక కుర్చీలోంచి లేచి ఇంకో కుర్చీలో కూర్చునే మధ్య పోతుంది. మన మండలం మనిషే ఒకాయన ఒక శాఖలో గుమాస్తాగా చేసి, టీచరుగా సెలెక్టయి వెళ్లాడు. మధ్యలో కొన్నాళ్లు గ్యాపు పడింది. పాత ఆఫీసు చివరి జీతం సర్టిఫికెట్ (ఎల్పీసీ) ఆలస్యంగా ఇచ్చింది, ఆ ఆఫీసు పేరు ఇప్పుడెందుకులే. ముప్ఫై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. రిటైరయ్యాక ఫైలు తెరిస్తే, ఆ గ్యాపు ఏ ఖాతాలో వేయాలన్న ప్రశ్న పుట్టింది. ఫైలు నెల్లూరికీ అకౌంటెంట్ జనరల్ ఆఫీసుకూ మధ్య తిరుగుతూనే ఉంది. ఈలోగా కూతురి పెళ్లి అప్పు చేసి చేశాడు.

జడ్జీలకు ఇలాంటివి ఉండవనుకోబాక. హర్యానాలో రాజ్ రాహుల్ గార్గ్ అనే జిల్లా జడ్జి 1981 నుంచి సర్వీసులో ఉండి 2014 జులై 31న రిటైరయ్యారు. హైకోర్టుకు ఆమె పేరు అంతకు ముందే సిఫార్సు అయింది. కానీ ఉత్తర్వు రావడం ఆలస్యమై, సెప్టెంబరు 25న గాని హైకోర్టు జడ్జిగా ప్రమాణం చేయలేకపోయారు. మధ్యలో రెండు నెలలకు కాస్త తక్కువ ఖాళీ, అదీ ఆమె తప్పు కాదు. రెండేళ్లలోపే మళ్లీ రిటైరయ్యారు. కింది కోర్టుల్లో చేసిన మూడు దశాబ్దాల సర్వీసును హైకోర్టు పెన్షన్‌కు కలపడానికి ఆ చిన్న ఖాళీయే అడ్డమని కేంద్రం వాదించింది. పంజాబ్ హర్యానా హైకోర్టు ఆమె పక్షాన తీర్పిస్తే కేంద్రం సుప్రీంకోర్టుకు పోయింది. 2024 మార్చిలో అక్కడా ఆమెకే న్యాయం జరిగింది. సర్వీసు కలిపి, హైకోర్టు జడ్జిగా చివర తీసుకున్న జీతం మీదే పెన్షన్ కట్టాలన్నారు.

పాట్నాలో ఇంకో వింత. జిల్లా న్యాయవ్యవస్థ నుంచి హైకోర్టుకు వెళ్లిన జస్టిస్ రుద్ర ప్రకాశ్ మిశ్రాకు 2023 నవంబరు నుంచి నెలల తరబడి జీతమే రాలేదు. కింది కోర్టులవాళ్లది కొత్త పెన్షన్ పద్ధతి, హైకోర్టు జడ్జీలకు జనరల్ ప్రావిడెంట్ ఫండ్ (జీపీఎఫ్). ఆయనకు జీపీఎఫ్ ఖాతా లేదు, ఖాతా లేకపోతే బిల్లు కాదు. 2024లో సుప్రీంకోర్టు తాత్కాలిక ఖాతా తెరిచి జీతమివ్వమని చెప్పాల్సి వచ్చింది. హైకోర్టులో కూర్చుని తీర్పులిచ్చే మనిషికే ఒక ఖాతా నంబరు లేక జీతం ఆగింది, చూడు. ట్రెజరీవాణ్ణి కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు, సిగ్గు కలిగింది.

మన తెలుగువాళ్ల కేసు ఒకటుంది. హైకోర్టుకు జడ్జీలు రెండు దారుల్లో వస్తారు: మీ కోర్టుల్లోంచి పైకి వచ్చేవాళ్లు, వకీళ్లుగా ఉండి నేరుగా వచ్చేవాళ్లు. మొదటివాళ్ల పెన్షన్‌కు కింది కోర్టు సర్వీసు కలిసేది. వకీలుగా పేరు తెచ్చుకుని యాభై దగ్గర పడ్డాక జడ్జి అయినవాళ్లకు 62 వచ్చేసరికి పదీ పన్నెండేళ్లే మిగిలేవి. ఒకే బెంచి మీద పక్కపక్కన కూర్చుని, ఒకే పని చేసి, ఒకే జీతం తీసుకున్న ఇద్దరికి రిటైరయ్యాక పెన్షన్లు వేరు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిగా చేసి రిటైరైన జస్టిస్ పి.రామకృష్ణంరాజు దీని మీద సుప్రీంకోర్టుకెళ్లారు. 2014 మార్చి 31న ప్రధాన న్యాయమూర్తి సదాశివం బెంచి, వకీలుగా చేసిన పదేళ్లను వాళ్ల సర్వీసుకు కలపమంది. పార్లమెంటు తర్వాత చట్టాన్ని కూడా ఆ మేరకు సవరించింది.

2025 మే 19న సుప్రీంకోర్టు మిగిలిన తేడాలు కూడా చెరిపేసింది. బార్ నుంచి వచ్చినా, కోర్టుల్లోంచి వచ్చినా, మధ్యలో ఖాళీ ఉన్నా, అదనపు జడ్జిగానే రిటైరైనా హైకోర్టు జడ్జికి ఏడాదికి 13.5 లక్షల పూర్తి పెన్షన్, ప్రధాన న్యాయమూర్తికి 15 లక్షలు. కొత్త పెన్షన్ పద్ధతిలో కోసిన సొమ్ము లాభంతో సహా వాళ్లకు తిరిగివ్వాలని కూడా చెప్పింది. మంచి తీర్పే. ఒక్కటి మాత్రం గమనించు. ఆ ఖాళీని పట్టించుకోవద్దన్నది హైకోర్టు జడ్జీల పెన్షన్‌కు. నీలాంటి కిందిస్థాయి అధికారికి ఇప్పటికీ రిలీవ్ తేదీకీ చేరిన తేదీకీ మధ్య ఏముందో ఫైలు అడుగుతుంది. రిలీవైన తర్వాత జాయినింగ్ టైము దాటకుండా చేరు.

ఇక జీతం అడగడం నామోషీ అనే మాట. నువ్వు తీసుకోబోయే అంకె ఎవరి దయా కాదు, జడ్జీలే దశాబ్దాలు కోర్టులో నిలబడి తెచ్చుకున్నది. ఆలిండియా జడ్జెస్ అసోసియేషన్ 1989లో వేసిన పిటిషన్‌తో మొదలైంది. 1996లో జస్టిస్ జగన్నాథశెట్టి కమిషన్, 2017లో మన తెలుగువాడు జస్టిస్ పి.వెంకటరామ రెడ్డి కమిషన్ వేశారు. ఆయన నివేదిక 2020లో వచ్చింది. 2022 జులై 27న జస్టిస్ ఎన్.వి.రమణ బెంచి ఆ జీతాలను 2016 జనవరి 1 నుంచి అమలు చేయమంది. జూనియర్ సివిల్ జడ్జి మొదటి బేసిక్ 77,840. సీనియర్ సివిల్ జడ్జికి 1,11,000 నుంచి, జిల్లా జడ్జికి 1,44,840 నుంచి మొదలు. న్యాయాధికారులకు కొత్త పెన్షన్ పద్ధతి వద్దని కూడా ఆ కమిషన్ సిఫార్సు చేసింది. అందుకే సీపీఎస్ స్టేట్‌మెంట్ ఒక్కటి కూడా పారేయబాక. పెన్షన్ పద్ధతి మారిన రోజు ఎవరి ఖాతాలో ఎంత ఉందో చూపించమంటారు.

ఇది నీకు చివరి మార్పు కాదు. సీనియర్ సివిల్ జడ్జిగా ప్రమోషన్ వచ్చినప్పుడు జీతం ప్రమోషన్ తేదీ నుంచి కట్టించుకోవాలా, తర్వాతి ఇంక్రిమెంటు తేదీ నుంచా అని ఆప్షన్ అడుగుతారు. రెండు లెక్కలూ వేసి, గడువులోపు రాసివ్వు. 2025 అక్టోబరు 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంకో తలుపు తీసింది. వకీలుగా, జడ్జిగా చేసిన కాలం కలిపి ఏడేళ్లుంటే సర్వీసులో ఉన్నవాళ్లు కూడా జిల్లా జడ్జి పోస్టులకు నేరుగా పోటీ పడవచ్చంది. 2020 నాటి తీర్పు ఆ దారి మూసింది, ఇప్పుడు తెరుచుకుంది. నువ్వు రాస్తావని నాకు తెలుసు. అప్పుడు మళ్లీ ఇదే ఎన్ఓసీ, ఇదే ఎల్పీసీ.

నీ సర్వీసు రిజిస్టరులో మొదటి పేజీ నుంచి ప్రతి ఎంట్రీ చదివి జిరాక్సు తీసుకో. పాత ఆఫీసులో సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయిపోతే ఆ కాగితం మళ్లీ దొరకదు. సెలవు ఖాతా, ఇంక్రిమెంటు తేదీ, ఏపీజీఎల్ఐ బీమా పాలసీ నంబరు ఎల్పీసీతో పాటు సరిచూసుకో.

జడ్జి అయ్యాక ఆఫీసుకు పెద్ద నువ్వే. ఇక్కడివాళ్లు వాయిదాలకు పోయే ఉదయగిరి లాంటి చిన్న కోర్టుకే వేస్తారేమో. అక్కడ అటెండరు, ప్రాసెస్ సర్వరు, స్టెనో సర్వీసు రిజిస్టర్లు నీ బీరువాలోనే ఉంటాయి. వాళ్లకు సుప్రీంకోర్టు దాకా పోయే స్తోమత లేదు. ఎవరైనా బదిలీ మీద పోతే ఎల్పీసీ ఆ రోజే ఇప్పించు.

రాజీనామా చిత్తు ప్రతి రాసి, ఇచ్చే ముందు నాకు వాట్సాప్‌లో పంపు. చూసి ఆ సాయంత్రానికే తిప్పి పంపుతా.

మీ చిన్నాయన